కప్పిన నేలకు రుసుము, కురిసిన వానకు బాధ్యత

నగరపాలనలో తాగునీటికి ధర ఉంది, మురుగునీటికి రుసుము ఉంది, చాలాచోట్ల చెత్త సేకరణకు కూడా నెలవారీ వసూలు ఉంది. వాన నీటికి మాత్రం ఖాతా లేదు. మిద్దెల మీద, రోడ్ల మీద కురిసిన నీటిని సేకరించి, కాలువల గుండా నడిపించి, చెరువులోకో నదిలోకో క్షేమంగా చేర్చడం తాగునీటి సరఫరాకు ఏమాత్రం తీసిపోని సేవ. అయినా మన నగరాలలో దానికి నిర్దిష్టమైన ఆదాయం గానీ, పూర్తి జవాబుదారీ వహించే సంస్థ గానీ లేకపోవడం వల్ల అది ప్రతి వానాకాలానికి ముందు పూడికతీత టెండరుగా, ప్రతి వరద తరువాత సహాయ ప్రకటనగా మాత్రమే కనిపిస్తోంది. ఈ దుస్థితికి ఇంజనీరింగ్ లోపం కంటే ఆర్థిక నిర్మాణంలోని లోపమే పెద్ద కారణం. నేలను ఎవరు ఎంత కప్పితే వారు అంత చెల్లించే రుసుము, ఆ సొమ్ము వేరే పనికి మళ్లకుండా కాచే ప్రత్యేక ఖాతా, ఆ ఖాతాకు జవాబు చెప్పే ఒకే సంస్థ అన్న మూడూ కుదిరిన చోట వాన నీటి నిర్వహణ ఏటేటా మెరుగుపడుతుంది. అవి కుదరని చోట ఎన్ని వందల కోట్లు మంజూరైనా ఆ పని వరద వెనుక పరుగుగానే మిగిలిపోతుంది.

వాన నీటి సేవ భారం ఎక్కడ పుడుతుందో ముందుగా తెలియాలి. మట్టి నేల మీద పడిన వానలో కొంత లోపలికి ఇంకుతుంది, కొంత గడ్డిలోనూ చెట్ల ఆకుల మీదా నిలుస్తుంది, మిగిలినది నెమ్మదిగా పల్లానికి జారుతుంది. అదే నేలను సిమెంటుతోనో తారుతోనో కప్పినప్పుడు పడిన నీరు దాదాపుగా అంతా, అదీ నిమిషాల వ్యవధిలో, కాలువను చేరుతుంది. నీరు ఇంకని ఇటువంటి ఉపరితలాన్ని శాస్త్ర పరిభాషలో అభేద్య తలం అంటారు; తేలిక మాటలో అది కప్పిన నేల. ఒక ఎకరం కప్పిన నేల మీద ఒక్క అంగుళం వాన కురిస్తే సుమారు 1,03,000 లీటర్ల నీరు పోగవుతుంది. దాన్ని మోయడానికి ఎంత వెడల్పు కాలువ కావాలో, పల్లంలో ఎంత చెరువు మిగిలి ఉండాలో నిర్ణయించేది ఎగువనున్న కప్పిన నేల విస్తీర్ణమే. ఆ స్థలంలో ఉండేవారు వాడే తాగునీటి పరిమాణంతో దానికి సంబంధం లేదు. చుక్క నీరు వాడని పార్కింగ్ స్థలం కాలువ మీద పెద్ద భారం మోపుతుంది. వందల కుటుంబాలున్న బహుళ అంతస్తుల భవనం తన పైకప్పు మేరకే భారం మోపుతుంది.

ఆర్థికమైన చిక్కు కూడా ఇక్కడి నుంచే మొదలవుతుంది. తాగునీటిని మీటరుతో కొలిచి అమ్మవచ్చు, బిల్లు కట్టనివారి కనెక్షన్‌ను తొలగించవచ్చు. వాన కాలువ సేవను ఒక ఇంటికి ఇచ్చి పక్క ఇంటికి ఆపడం సాధ్యం కాదు. పైగా ఎగువ కాలనీవారు తమ ఆవరణలంతా బండలు పరిచినందుకు మునిగేది దిగువ బస్తీ. కారణం ఒకరిదీ నష్టం మరొకరిదీ అయినప్పుడు, ఆ రెండింటినీ కలిపే ధర ఏదీ లేకపోతే నేలను కప్పడం ఉచితమైపోతుంది. ఈ సేవకు నగరాలు సాధారణంగా మూడు మార్గాలలో డబ్బు సమకూర్చుకుంటాయి. మొదటిది సాధారణ పన్నుల నుంచి కేటాయింపు. వాన లేని ఏడాదిలో అన్నిటికన్నా ముందు కోత పడేది దానికే. రెండవది పై ప్రభుత్వాల గ్రాంట్లు, అప్పులు. వాటితో కాలువ కట్టవచ్చు గాని ఆ తరువాతి ముప్పై ఏళ్లూ దాన్ని శుభ్రంగా ఉంచడానికి అవి పనికిరావు. మూడవది ఆ సేవ కోసమే విధించే ప్రత్యేక రుసుము. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో బెల్వ్యూ నగరం 1974లోనే వాన నీటి కోసం ప్రత్యేక వినియోగ సంస్థను నెలకొల్పి ఈ మూడవ మార్గాన్ని తెరిచింది. తరువాతి దశాబ్దాలలో ఆ దేశంలో వందలాది నగరాలు అదే బాట పట్టాయి. వాటిలో ఈ పద్ధతిని అత్యంత సమగ్రంగా అమలు చేసిన నగరంగా పెన్సిల్వేనియా రాష్ట్రంలోని ఫిలడెల్ఫియాను చెప్పుకోవచ్చు.

ఫిలడెల్ఫియా నమూనా

డెలావేర్, షూల్‌కిల్ నదుల ఒడ్డున సుమారు 16 లక్షల జనాభాతో ఉన్న ఫిలడెల్ఫియాలో తాగునీటి సరఫరా, మురుగునీటి శుద్ధి, వాన నీటి నిర్వహణ మూడూ నగర జల విభాగం అనే ఒకే సంస్థ చేతిలో ఉన్నాయి. నగరం తాగేదీ ఈ నదుల నీటినే, నగరం వదిలేదీ ఈ నదులలోకే కాబట్టి, కాలువలోని నిర్లక్ష్యం అదే సంస్థకు శుద్ధి కేంద్రం వద్ద ఖర్చుగా తిరిగి వస్తుంది. నగర విస్తీర్ణంలో దాదాపు 60 శాతం ప్రాంతంలో సంయుక్త కాలువలు, అంటే ఇళ్ల మురుగునూ వీధి వాన నీటినీ ఒకే గొట్టంలో మోసే పాతకాలపు నిర్మాణాలు ఉన్నాయి. వాన లేని రోజులలో ఆ నీరంతా శుద్ధి కేంద్రానికి వెళ్తుంది. గట్టి వాన పడినప్పుడు గొట్టం సామర్థ్యం చాలక, వాన కలిసిన మురుగు 164 పొర్లుద్వారాల గుండా నదులలోకి, వాగులలోకి వెళ్తుంది. 1972 నాటి పరిశుభ్ర జలాల చట్టం, ఈ పొర్లులను అదుపు చేయాలని కోరుతూ 1994లో వెలువడిన సమాఖ్య విధానం ఆ నగరాన్ని పరిష్కారం వైపు నెట్టాయి.

డబ్బు వసూలు చేసే తీరును మార్చడం ఆ పరిష్కారంలో కీలకమైన అడుగు. అంతకుముందు దశాబ్దాలుగా ఫిలడెల్ఫియా వాన నీటి ఖర్చును తాగునీటి మీటరు సైజును బట్టి పంచేది. పెద్ద మీటరు ఉన్న ఎత్తైన భవనం, దాని పైకప్పు చిన్నదే అయినా, ఎక్కువ చెల్లించేది. ఎకరాల కొద్దీ తారు పరిచిన పార్కింగ్ స్థలానికి నీటి కనెక్షనే లేకపోతే దాని యజమాని ఏమీ చెల్లించేవాడు కాదు. 2010 జులై నుంచి గృహేతర ఆస్తులకు ఈ లెక్క మారింది. ప్రతి స్థలం మొత్తం విస్తీర్ణాన్నీ, అందులో కప్పిన నేల విస్తీర్ణాన్నీ వైమానిక చిత్రాల సాయంతో కొలిచి, కప్పిన నేలకు ఎక్కువ బరువు ఇచ్చి రుసుము నిర్ణయించడం మొదలైంది. ఈ మార్పు ఒక్కసారిగా మీద పడకుండా నాలుగేళ్ల కాలంలో ఏటా నాలుగోవంతు చొప్పున పాత లెక్క నుంచి కొత్త లెక్కకు మళ్లించారు. గృహాలకు మాత్రం ఇంటింటి కొలతల ఖర్చు, వివాదాలు లేకుండా, సగటు ఇంటి విస్తీర్ణం ఆధారంగా ఒకే రకమైన నెలవారీ రుసుము ఉంచారు. రుసుము వ్యవస్థ న్యాయంగా ఉండడం ఎంత అవసరమో, దాన్ని నడపడం తేలికగా ఉండడం కూడా అంతే అవసరమని ఈ ఏర్పాటు గుర్తించింది.

రుసుముకు జతగా వచ్చిన రాయితీ దీనికి ప్రాణం పోసింది. తన ఆవరణలో పడిన వానను తానే పట్టి ఇంకించుకునే, లేదా నిలిపి మెల్లగా వదిలే యజమానికి రుసుములో 80 శాతం వరకు తగ్గింపు లభించే వీలుంది. అందుకు అవసరమైన పెట్టుబడి అందరి వద్దా ఉండదు కాబట్టి 2012 నుంచి ప్రైవేటు స్థలాలలో ఇటువంటి పనులకు జల విభాగమే గ్రాంట్లు ఇస్తోంది. కొత్త నిర్మాణాలకు నిబంధనలు వేరుగా ఉన్నాయి: 15,000 చదరపు అడుగులు లేదా అంతకుమించి నేలను కదిలించే ప్రతి నిర్మాణమూ తొలి అంగుళం వానను తన హద్దులలోనే నిర్వహించాలన్న 2006 నాటి నియమాన్ని 2015లో ఒకటిన్నర అంగుళానికి పెంచారు. పాత భవనానికి ప్రోత్సాహం, కొత్త భవనానికి నిర్బంధం, అందరికీ కొలమానంగా రుసుము అన్న ఈ అమరిక వల్ల నేలను కప్పేముందు దాని ఖర్చును లెక్కించుకోవలసిన అవసరం యజమానికే ఏర్పడింది.

ఈ ఆదాయపు భరోసా మీదనే ఆ నగరం ఒక దీర్ఘకాల ప్రణాళికకు పూనుకోగలిగింది. ‘హరిత నగరం, స్వచ్ఛ జలాలు’ అన్న పేరు గల ఆ ప్రణాళికకు 2011 జూన్‌లో రాష్ట్ర పర్యావరణ శాఖతో ఒప్పందం కుదిరింది. 25 ఏళ్ల కాలంలో సుమారు 240 కోట్ల డాలర్లు వెచ్చించి, సంయుక్త కాలువలలో చేరే నీటిలో 85 శాతాన్ని పట్టుకున్నంత మేరకు కాలుష్యాన్ని తగ్గించడం దాని లక్ష్యం. నేల అడుగున భారీ సొరంగాలు తవ్వి నీటిని నిల్వచేసే మార్గానికి అంతకు ఎన్నో రెట్లు ఖర్చవుతుందన్న అంచనాతో, వీధుల వెంట వాన తోటలు, నీరు ఇంకే బాటలు, చెట్ల గుంతలు, బడుల ఆవరణలలో ఇంకుడు పడకలు నిర్మించే దారిని ఎంచుకున్నారు. ఒక ఎకరం కప్పిన నేల మీద పడే తొలి అంగుళం వానను నిర్వహించగలిగితే దాన్ని ఒక ‘హరిత ఎకరం’గా లెక్కిస్తారు, తొలి ఐదేళ్లకు పెట్టుకున్న 744 ఎకరాల లక్ష్యాన్ని నగరం 2016 నాటికి దాటింది. ఎన్ని కిలోమీటర్ల కాలువ కట్టామన్న దానికి బదులు ఎంత నేలకు జవాబుదారీ తెచ్చామన్నది కొలమానం కావడం ఇందులోని విశేషం.

వసూలైన సొమ్ముకు కాపలా కూడా అంతే ముఖ్యం. జల విభాగం ఆదాయవ్యయాలు నగర సాధారణ నిధితో కలవని ప్రత్యేక నిధిలో నడుస్తాయి. ఆ ఆదాయాన్ని చూపి బాండ్లు జారీచేసి పెద్ద పనులకు పెట్టుబడి తెస్తారు. ధరలు నిర్ణయించే అధికారం 2012లో ఓటర్లు ఆమోదించిన సవరణ ద్వారా స్వతంత్ర ధరల మండలికి వెళ్లింది. ధర పెంచాలంటే జల విభాగం తన లెక్కలను ఆ మండలి ముందు బహిరంగ విచారణలో ఉంచాలి, వినియోగదారుల పక్షాన ఒక ప్రజా న్యాయవాది ఆ లెక్కలను ప్రశ్నిస్తారు. తక్కువ ఆదాయ కుటుంబాలకు బిల్లును వారి రాబడిని బట్టి నిర్ణయించే పథకం 2017లో ప్రారంభమైంది. వసూలు చేసేవారిని ప్రశ్నించే వేదిక, చెల్లించలేనివారిని కాచే ఏర్పాటు రెండూ తోడుండడం వల్లనే రుసుము రాజకీయంగా నిలబడింది.

ఈ నమూనాకు హద్దులు లేకపోలేదు. తొలి అంగుళం వానను పట్టే తోటలు తరచూ కురిసే మామూలు వానలకు, నదీ కాలుష్యానికి మందే గాని మహా వరదకు కాదు. 2021 సెప్టెంబరులో ఐడా తుపాను అవశేషాలు వచ్చినప్పుడు షూల్‌కిల్ నది ఉప్పొంగి నగర మధ్యంలోని ఎక్స్‌ప్రెస్ మార్గాన్నే ముంచింది. చెట్ల గుంతలకు, వాన తోటలకు ఏటా నిర్వహణ ఖర్చు ఉంటుంది. వాటిని వదిలేస్తే అవి చెత్తకుండీలవుతాయి. ఇతర చోట్ల న్యాయపరమైన ప్రతిఘటన కూడా ఎదురైంది: లాన్సింగ్ నగరం విధించిన వాన నీటి రుసుము సేవకు ప్రతిఫలం కాదనీ, ప్రజల ఆమోదం లేని పన్ను అనీ మిషిగన్ సుప్రీంకోర్టు 1998లో కొట్టివేసింది. అయినప్పటికీ, చిన్న వానకూ పెద్ద వానకూ ఒకే సంస్థ జవాబు చెప్పాలన్న నియమం, ఆ సంస్థకు ఎండాకాలంలోనూ ఆగని ఆదాయం ఉండాలన్న నియమం ఈ అనుభవాలన్నిటిలోనూ నిలిచాయి.

చెరువు వ్యవస్థలో ఉన్నదీ, నగరంలో పోయినదీ

ఉపయోగం పొందేవారే నిర్వహణ భారం మోయాలన్న సూత్రం తెలుగు నేలకు పరాయిది కాదు. ఒక చెరువు అలుగు పారితే ఆ నీరు కింది చెరువుకు చేరేలా కట్టిన గొలుసుకట్టు చెరువులు సాగునీటి వనరులుగానే గాక వాన నీటి నిర్వహణ వ్యవస్థగా కూడా పనిచేశాయి. ఆ వ్యవస్థకు దాని ఆర్థిక ఏర్పాటు దానికే ఉండేది. తూము తీసి మూసే నీరటికి ఆయకట్టు రైతులు పంటలో మేర ఇచ్చేవారు. చెరువు కట్టి మరమ్మతులు చూసేవారికి దశబంధం ఇనాముగా భూమి ఇచ్చే ఆచారం అనేక ప్రాంతాలలో ఉండేది. నగరం విస్తరించి ఆయకట్టు ప్లాట్లుగా మారినప్పుడు చెరువుతోపాటు ఆ చెల్లింపుదారులు కూడా మాయమయ్యారు. చెరువు కింద సాగుచేసే రైతు స్థానంలోకి వచ్చిన ఇంటి యజమానికి గట్టును కాయవలసిన అవసరం గానీ, దానికి సొమ్ము కట్టే బాధ్యత గానీ ఎవరూ అప్పగించలేదు. కబ్జాలకు దారి తీసిన కారణాలలో ఈ శూన్యం కూడా ఒకటి.

హైదరాబాద్ చరిత్రలోనే ఇంకొక పాఠం ఉంది. 1908 సెప్టెంబరులో మూసీ వరద వేల మందిని బలిగొన్న తరువాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో రూపుదిద్దుకున్న ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. వరదను ఆపడానికి తలపెట్టిన ఆ రెండు జలాశయాలే దశాబ్దాల పాటు నగరానికి తాగునీరు ఇచ్చాయి. వరద నీరు, తాగునీరు వేర్వేరు శాఖల ఫైళ్లు కాకుండా ఒకే ఆలోచనలో భాగంగా ఉన్న కాలమది. ఆ సమగ్రత తరువాతి పాలనా నిర్మాణంలో చీలిపోయింది.

1989లో ఏర్పడిన హైదరాబాద్ మహానగర నీటి సరఫరా, మురుగునీటి పారుదల బోర్డు, అంటే జనం పిలిచే జలమండలి, తాగునీటినీ మురుగునీటినీ చూస్తుంది. వాన నీటి నాలాలు నగరపాలక సంస్థవి. చెరువుల కట్టలు, అలుగులు నీటిపారుదల శాఖ పరిధిలోకి వస్తాయి. ఆక్రమణల తొలగింపు 2024 జులైలో ఏర్పాటైన హైడ్రా అనే సంస్థ పని. కాగితం మీద ఇంత స్పష్టంగా ఉన్న విభజనను వాన గుర్తించదు. మురుగు గొట్టం లేని బస్తీల మురుగు నాలాలోకి వస్తుంది, వీధిలో నిలిచిన వాన నీరు మ్యాన్‌హోల్ మూత తెరిచినప్పుడు మురుగు గొట్టంలోకి పోతుంది. నాలా మురుగుతో నిండడానికి జలమండలి కారణమా, మురుగు గొట్టం వానతో పొంగడానికి నగరపాలక సంస్థ కారణమా అన్న వాదన తేలకముందే నీరు ఇళ్లలోకి చేరుతుంది. మూతలేని మ్యాన్‌హోళ్లలో, తెరిచి ఉన్న నాలాలలో పసివాళ్లు కొట్టుకుపోయిన ప్రతిసారీ ఈ శాఖల సరిహద్దులు మనుషుల ప్రాణాలతో కొలిచినట్టవుతోంది.

డబ్బు లెక్క ఇంకా విచిత్రంగా ఉంటుంది. జలమండలి నీటి చార్జీ మీద 35 శాతం మురుగునీటి సెస్సు వసూలు చేస్తుంది, కాని అందులో వాన నీటి భాగం లేదు. 1955 నాటి మునిసిపల్ కార్పొరేషన్ల చట్టం ఆస్తిపన్నులో డ్రైనేజీ పన్నును ఒక అంశంగా పేర్కొన్నప్పటికీ, అది కప్పిన నేలను బట్టి కాక అద్దె విలువను బట్టి లెక్కించేది, పైగా మిగతా ఆస్తిపన్నుతో కలిసి వసూలయ్యేది కావడం వల్ల పౌరుడికి తాను కాలువ కోసం కడుతున్నానన్న స్పృహ కలగదు, సంస్థకు దాన్ని కాలువ మీదే ఖర్చుపెట్టాలన్న ఒత్తిడి ఉండదు. 2000 ఆగస్టు వరద తరువాత కిర్లోస్కర్ కన్సల్టెంట్స్ చేత నాలాల మీద అధ్యయనం చేయించారు, నివేదిక 2003లో అందింది. విస్తరణ పనులు మాత్రం ఇరవై ఏళ్లయినా కొలిక్కి రాలేదు.

2020 అక్టోబరు 13న ఘట్‌కేసర్ ప్రాంతంలో ఒక్క రోజులో 32 సెంటీమీటర్లు, బేగంపేటలో 19 సెంటీమీటర్లకు పైగా కురిసిన వానకు చెరువు కట్టలు తెగి, పదుల సంఖ్యలో ప్రాణాలు పోయి, కొన్ని కాలనీలు వారాల తరబడి నీటిలో ఉన్నాయి. బాధిత కుటుంబాలకు పది వేల రూపాయల చొప్పున ఇవ్వడానికి రాష్ట్ర ప్రభుత్వం అప్పట్లో 550 కోట్ల రూపాయలు ప్రకటించింది. మరుసటి ఏడాది మొదలుపెట్టిన వ్యూహాత్మక నాలా అభివృద్ధి కార్యక్రమం తొలి దశ అంచనా సుమారు 985 కోట్లు. ఒక్క వరదకు చెల్లించే ఉపశమనం, ఏళ్ల తరబడి ప్రాణాలు కాచే నిర్మాణాల తొలి దశ ఖర్చులో సగానికి మించిందంటే, వాన నీటి సేవకు రుసుము లేకపోవడాన్ని ఆదాగా భావించడానికి వీలులేదు. నగరం ఆ ధర చెల్లిస్తూనే ఉంది. చెల్లించేది ఆలస్యంగా, అదీ ఎక్కువగా పల్లంలోని పేదల చేత.

కేంద్రం నుంచి వచ్చే నిధుల స్వభావం కూడా ఇటువంటిదే. 2015లో మొదలైన అమృత్ పథకంలో వాన నీటి కాలువలు ఒక అంగం. 2021 నాటి రెండో విడత తాగునీరు, మురుగునీరు, జలవనరుల పునరుద్ధరణల మీద దృష్టి పెట్టింది. పట్టణ వరదల కోసం పదిహేనో ఆర్థిక సంఘం ఏడు పెద్ద నగరాలకు 2,500 కోట్లు సిఫార్సు చేస్తే అందులో హైదరాబాద్ వాటా 250 కోట్లు. విజయవాడలో కేంద్రం ప్రత్యేకంగా ఇచ్చిన 461 కోట్లతో 2017లో తలపెట్టిన వాన నీటి కాలువల పథకం మధ్యలోనే ఆగి ఏళ్లు గడిచాయి. 2024 సెప్టెంబరులో ఆ నగరాన్ని ముంచినది ప్రధానంగా బుడమేరు గండ్లే అయినా, వీధులలోకి చేరిన నీరు బయటకు పోవడానికి దారి లేక రోజుల తరబడి నిలవడం అంతర్గత కాలువల అసంపూర్ణతను అందరికీ చూపింది. గ్రాంటు కాలువను పుట్టించగలదు. దాన్ని బతికించేది స్థానిక ఆదాయమే.

చట్టం అడ్డు కాదు

వాన నీటి రుసుము మన రాజ్యాంగ చట్రంలో ఇముడుతుందా అన్నది సహజమైన సందేహం. 74వ సవరణ ద్వారా చేర్చిన పన్నెండో షెడ్యూలులో నీటి సరఫరా, పారిశుద్ధ్యం, రోడ్లు ఉన్నాయి గాని వాన నీటి పారుదల విడిగా లేదు. అయితే రాష్ట్ర జాబితాలోని 17వ అంశంలో డ్రైనేజీ స్పష్టంగా ఉన్నందున శాసనసభకు చట్టం చేసే అధికారం నిస్సందేహంగా ఉంది. చట్టబద్ధమైన అధికారం లేకుండా పన్ను వసూలు చేయరాదని 265వ అధికరణం చెబుతుంది కాబట్టి, పరిపాలనా ఉత్తర్వుతో సరిపెట్టకుండా చట్ట సవరణ ద్వారానే ఈ రుసుము రావాలి. పన్నుకూ రుసుముకూ భేదాన్ని సుప్రీంకోర్టు 1954లో శిరూరు మఠం కేసులో వివరించింది: పన్ను సాధారణ ప్రయోజనం కోసం వసూలు చేసేది, రుసుము ఒక సేవకు ప్రతిగా చెల్లించేది. ఆంధ్రప్రదేశ్ మార్కెట్ రుసుముల మీద వచ్చిన శ్రీనివాస జనరల్ ట్రేడర్స్ కేసులో 1983లో అదే న్యాయస్థానం, చెల్లించిన ప్రతి రూపాయికీ లెక్కగట్టిన ప్రతిఫలం అక్కరలేదనీ, రుసుముకూ సేవకూ స్థూలమైన సంబంధం ఉంటే చాలుననీ తేల్చింది. ప్రత్యేక ఖాతా ఉండడం మంచి పాలనకే గాక, ఈ రుసుము న్యాయపరీక్షలో నిలవడానికి కూడా బలమవుతుంది.

రుసుము రూపం ఎంచుకోవడంలో మరొక లాభం ఉంది. హైదరాబాద్‌లో రైల్వేలు, రక్షణ సంస్థలు, కేంద్ర పరిశోధనాలయాలు విశాలమైన భూములలో ఉన్నాయి; 285వ అధికరణం కేంద్ర ఆస్తులకు స్థానిక పన్నుల నుంచి మినహాయింపు ఇస్తుంది. అయితే అందిన సేవలకు కేంద్ర సంస్థలు సేవా చార్జీలు చెల్లించాలన్న ఏర్పాటు 2009లో రాజ్‌కోట్ నగరపాలక సంస్థ కేసులో సుప్రీంకోర్టు ముందు స్థిరపడింది. అమెరికాలో కూడా సమాఖ్య కార్యాలయాలు వాన నీటి రుసుమును పన్ను అంటూ ఎగవేసిన దశ ఉంది; 2011 జనవరిలో పరిశుభ్ర జలాల చట్టానికి చేసిన సవరణ, సముచితమైన రుసుము వారూ కట్టాలని స్పష్టం చేసింది.

న్యాయమైన రూపకల్పన

ఈ ప్రతిపాదనకు ఎదురయ్యే అభ్యంతరాలలో మొదటిది, ఇప్పటికే బరువెక్కిన పౌరుడి మీద ఇంకో వడ్డన అన్నది. ఈ అభ్యంతరం గౌరవించదగినది. దానికి సమాధానం రుసుము రూపకల్పనలోనే ఉండాలి. బస్తీలలోని చిన్న ఇళ్లకు పూర్తి మినహాయింపు, మధ్యతరగతి ఇళ్లకు నామమాత్రపు ఏకరూప రుసుము, మాల్స్, ఐటీ ప్రాంగణాలు, ఫంక్షన్ హాళ్లు, గోదాములు, ప్రైవేటు విద్యాసంస్థలు, ప్రభుత్వ కార్యాలయాలకు కొలత ప్రకారం రుసుము అన్న క్రమంలో మొదలుపెడితే భారం నిజంగా నీటిని సృష్టించేవారి మీదే పడుతుంది. గృహేతర ఆస్తులతో ఆరంభించి నాలుగైదేళ్లలో దశలవారీగా పూర్తి రేటుకు చేరడం ఫిలడెల్ఫియా నేర్పిన మెళకువ. ఇప్పుడున్న డ్రైనేజీ పన్నును ఈ రుసుములో విలీనం చేస్తే ఒకే సేవకు రెండు వసూళ్లన్న ఆరోపణకు తావుండదు.

రెండవ అభ్యంతరం కొలతల గురించి. ప్రతి స్థలంలో కప్పిన నేలను కొలవడం ఒకప్పుడు అసాధ్యమే. ఉపగ్రహ చిత్రాలలో దేశానికి సేవచేసే జాతీయ దూర సంవేదన కేంద్రం హైదరాబాద్‌లోనే ఉన్న ఈ కాలంలో, ఆస్తుల సర్వేకు డ్రోన్లు వాడుతున్న ఈ కాలంలో అది పట్టుదలకు సంబంధించిన విషయం మాత్రమే. మూడవది ఇంకుడు గుంతల అనుభవం. భవన అనుమతి కోసం గుంత తవ్వి, అనుమతి వచ్చాక దాన్ని పూడ్చడమో మరిచిపోవడమో మన నగరాలలో మామూలైపోయింది. ఒక్కసారి పత్రం చూపితే సరిపోయే నియమం ఇలాగే ముగుస్తుంది. రుసుములో రాయితీ ఏటా తనిఖీ మీద ఆధారపడినప్పుడు గుంతను బాగుగా ఉంచుకోవడం యజమానికి నెలనెలా లాభం.

నాలుగవది, అన్నిటికంటే బలమైనది, నమ్మకానికి సంబంధించినది. వసూలు చేసిన సొమ్ము జీతాలకో పాత బకాయిలకో పోదన్న హామీ ఏమిటి? ఉచిత తాగునీటి పథకం భారం, పాత అప్పులు మోస్తున్న జలమండలికి వాన నీటి బాధ్యత కూడా అప్పగిస్తే దాని సొమ్ము తాగునీటి లోటుకు కరిగిపోదా? ఈ భయాన్ని తీర్చకుండా రుసుము విధించడం తప్పే అవుతుంది. వాన నీటి విభాగం జలమండలిలో ఉన్నా నగరపాలక సంస్థలో ఉన్నా దానికి ప్రత్యేక బ్యాంకు ఖాతా, ప్రత్యేక ఆడిట్, ఏ వార్డులో ఎంత వసూలై ఏ నాలా మీద ఎంత ఖర్చయిందో తెలిపే వార్షిక ప్రకటన ఉండాలి. విద్యుత్ చార్జీలను రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండళ్లు బహిరంగ విచారణల తరువాతే నిర్ణయించే పద్ధతి తెలుగు రాష్ట్రాల ప్రజలకు రెండు దశాబ్దాలకు పైగా పరిచయం. నీటి రంగానికి అదే తరహా స్వతంత్ర మండలి ఏర్పడితే చెల్లించేవాడికి అడిగే హక్కు దక్కుతుంది. నాలా, చెరువు, మురుగు గొట్టం మూడింటికీ ఒకే పరీవాహక పటం, ఒకే అధికారి ఉండాలి. అప్పుడే మునిగిన కాలనీ ఎవరి తలుపు తట్టాలో దానికి తెలుస్తుంది.

వాతావరణ మార్పు వల్ల కొద్ది గంటల్లో కుండపోతగా కురిసే వానలు పెరుగుతున్న దశలో, ఔటర్ రింగ్ రోడ్డు దాటి నేల కప్పుకుపోతున్న దశలో ఈ సంస్కరణను వాయిదా వేసిన ప్రతి ఏడూ రాబోయే కాలువ ఖర్చును పెంచుతుంది. ఒకసారి కప్పిన నేలను తిరిగి తెరవడం కంటే కప్పకముందే దానికి ధర చెప్పడం అన్ని విధాలా చవక. చట్టం రావడానికి సమయం పడుతుంది గాని తొలి అడుగుకు ఏ కొత్త చట్టమూ అక్కరలేదు. తాము వసూలు చేస్తున్న డ్రైనేజీ పన్ను ఎంత, వాన నీటి కాలువల మీద పెడుతున్న ఖర్చు ఎంత, వరద సహాయానికి పోతున్నది ఎంత అన్న మూడు అంకెలను నగరపాలక సంస్థలు తదుపరి బడ్జెట్‌లోనే పక్కపక్కన ప్రచురించాలి. ఆ మూడింటినీ చూసిన పౌరుడు రుసుము ఎందుకన్న ప్రశ్నకు సమాధానం తానే చెప్పుకోగలుగుతాడు. పాలకుల నుంచి లెక్క అడిగే అర్హత కూడా అప్పుడే అతని చేతికి వస్తుంది.